రిపోర్టులో 72, డాష్‌బోర్డులో 41: బీపీ కంట్రోల్ లెక్కలో ఏది నిజం?

పీహెచ్‌సీ_పరేషాన్
మా పీహెచ్‌సీ బీపీ రిజిస్టర్‌లో 600 మంది. వాళ్లలో 90 మంది ఈ మూడు నెలల్లో కొత్తగా చేరినవాళ్లు. మిగతా 510లో ఈ మూడు నెలల్లో వచ్చి చూపించుకున్నది 290 మంది. వాళ్లలో 140/90 లోపు ఉన్నది 210. అంటే 72 శాతం, అదే రాసి పంపాం. ఇప్పుడు జిల్లా డాష్‌బోర్డులో మాకు 41 అని ఎర్రగా చూపిస్తోంది. రివ్యూ మీటింగులో నిలబెట్టి అడుగుతారు. రాని మనిషికి బీపీ ఎంతుందో నాకెలా తెలుస్తుంది? వాణ్ని కూడా నా ఖాతాలో వేయడం ఏం న్యాయం? హార్ట్స్ అని, పెన్ అని, షేక్ అని జెనీవాలోని డబ్ల్యూహెచ్‌ఓ నుంచి ఏడాదికో ప్యాకేజీ పేరు వస్తుంది. మా దగ్గర మాత్రం అదే మిషను, అదే అమ్లోడిపిన్ బీపీ మాత్ర.

లెక్కల_మాస్టారు
రెండూ తప్పు కాదు, ప్రశ్నలు వేరు. "వచ్చినవాళ్లలో ఎంతమందికి తగ్గింది?" అంటే 72. "మందు మొదలుపెట్టినవాళ్లలో ఎంతమందికి తగ్గినట్టు మన దగ్గర రుజువుంది?" అంటే 41. లవం అదే 210, హారం మారింది.

డాష్‌బోర్డు లెక్క ఇలా ఉంటుంది. మూడు నెలల కిందటికే రిజిస్టర్ అయి ఉన్న అందరూ హారంలోకి వస్తారు. కొత్త 90 మందిని కలపరు, మందు పనిచేయడానికి టైమివ్వాలి కాబట్టి. లవంలోకి రావాలంటే ఈ మూడు నెలల్లో చివరిసారి చూసిన బీపీలో పైది 140కి, కిందది 90కి లోపు ఉండాలి. రెండూ ఉండాలి, 136/92 అయితే రాడు. మీ 510 మందిని అలా విడదీస్తే:

కంట్రోల్‌లో ఉన్నవాళ్లు 210, 41 శాతం
వచ్చినా తగ్గనివాళ్లు 80, 16 శాతం
అసలు రానివాళ్లు 220, 43 శాతం

72 మాత్రమే చూస్తే మీ సమస్య 80 మంది, పని మందు మార్చడం అనిపిస్తుంది. అసలు దానికి దాదాపు మూడింతల మంది గేటు దాటి లోపలికే రావట్లేదు. రానివాళ్లలో మందు మానేసినవాళ్లే ఎక్కువ ఉంటారు కదా. వాళ్లను లెక్కలోంచి తీసేస్తే పేషెంట్లు ఎంత తగ్గిపోతే మీ శాతం అంత బాగుంటుంది. అలాంటి కొలమానం ఎందుకు పనికొస్తుంది చెప్పండి.

గోలీసోడా
హారం దాచేసి మెళ్లో హారం వేయించుకునే స్కీమన్నమాట ఇన్నాళ్లూ 😀

కవిటి_కొబ్బరి
@గోలీసోడా శాలువా మర్చిపోయారు.

అట్లాంటా_అబ్బాయి
ఈ హారం పట్టుదల బీపీది కాదు, టీబీ వాళ్ల నుంచి వచ్చింది. 1970ల చివర్లో టాంజానియాలో కారెల్ స్టిబ్లో పెట్టిన పద్ధతి: ఒక క్వార్టర్‌లో మందు మొదలైన ప్రతి పేషెంటూ చివరికి ఏమయ్యాడో రాయాలి. నయమయ్యాడా, చనిపోయాడా, మధ్యలో మానేశాడా. "తెలియదు" అన్నా సరే, అది కూడా ఒక గడిలో పడాలి. టీబీ మందు దగ్గరుండి వేయించే డాట్స్ పద్ధతి మొత్తం దాని మీదే నిలబడింది. టామ్ ఫ్రీడెన్ 1996 నుంచి 2002 దాకా ఇండియాలో ఉండి టీబీ కార్యక్రమంలో పనిచేసింది ఈ పద్ధతితోనే. తర్వాత న్యూయార్క్ నగర హెల్త్ కమిషనర్, ఆపైన అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీకి డైరెక్టర్. 2017లో రిజాల్వ్ టు సేవ్ లైవ్స్ అనే సంస్థ పెట్టి అదే లెక్కను బీపీకి తెచ్చాడు. డబ్ల్యూహెచ్‌ఓ హార్ట్స్ ప్యాకేజీ అంతకు ముందు ఏడాది, 2016లో వచ్చింది. ఐసీఎంఆర్, కేంద్ర ఆరోగ్యశాఖ, డబ్ల్యూహెచ్‌ఓ ఇండియా, రిజాల్వ్ కలిసి 2017 నవంబర్‌లో మొదలుపెట్టిన బీపీ కంట్రోల్ కార్యక్రమం ఐహెచ్‌సీఐ మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మిగతావి పంజాబ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కేరళ.

అసలు నమూనా కావాలంటే ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థను చూడండి. 2001లో బీపీ కంట్రోల్ 44 శాతం, 2009లో 80. వింత మందేం లేదు. అందరి పేర్లతో ఒకే రిజిస్ట్రీ, అందరు డాక్టర్లకూ ఒకే ప్రోటోకాల్, రెండు మందులు కలిపిన ఒకే మాత్ర, డాక్టర్ అపాయింట్‌మెంట్ లేకుండా అసిస్టెంట్ దగ్గర ఫ్రీగా బీపీ చూపించుకునే వీలు. అంతే.

సూదిమందు
టీబీతో పోలిక సగం దాకే నడుస్తుంది. టీబీ మామూలుగా ఆరు నెలల కోర్సు, దానికో ముగింపుంది. బీపీ జీవితాంతం. ఇంకోటి, మన ఊళ్లలో సర్కారు రిజిస్టర్‌లో పేరుండి మెడికల్ షాపులో కొనుక్కునేవాళ్లు బోలెడు మంది. వాళ్లకు బీపీ బాగానే ఉండొచ్చు. "రాలేదు" అంటే "కంట్రోల్‌లో లేదు" అని కాదు కదా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
కాదు. అందుకే మూడు ముక్కలుగా చూపిస్తారు, రెండుగా కాదు. 43ని 16తో కలిపి "59 శాతం ఫెయిల్" అని చదివే ఆఫీసరుంటే అది చదివేవాడి తప్పు.

ఇందులో ఒక కన్నం కూడా ఉంది, చెప్పేస్తా. ఏడాది పాటు ఒక్కసారీ రానివాణ్ని ఫాలోఅప్ నుంచి జారిపోయినవాళ్ల లిస్టులోకి మార్చి హారంలోంచి తీసేస్తారు. మీ 220లో 60 మంది వచ్చే క్వార్టర్‌లో ఆ గీత దాటారనుకోండి. కొత్తగా కలిసేవాళ్లను పక్కన పెడితే హారం 450 అవుతుంది, మీరు వేలు కదపకుండానే 41 కాస్తా 47 అవుతుంది. కాబట్టి శాతం పెరిగిందని చప్పట్లు కొట్టేముందు జారిపోయినవాళ్ల నంబర్ ఎంత పెరిగిందో పక్కనే చూడాలి.

గోలీసోడా
510 కూడా చిన్న హారమే కదా? పీహెచ్‌సీ కింద 30 వేల జనాభా, 30 దాటినవాళ్లు అందులో సగం, నలుగురిలో ఒకరికి బీపీ అనుకుంటే 3,750 మంది. 210ని దాంతో భాగిస్తే ఆరు శాతం కూడా లేదు.

పీహెచ్‌సీ_పరేషాన్
72 నుంచి 41కి దించారు, 41 నుంచి ఆరుకి దించారు. ఇంకో రెండు రిప్లైలు వస్తే నేనే బాకీ పడేలా ఉన్నా.

అట్లాంటా_అబ్బాయి
డబ్ల్యూహెచ్‌ఓ 2023 రిపోర్టు వేసింది ఆ పెద్ద హారంతోనే. ప్రపంచం మొత్తం మీద కంట్రోల్‌లో ఉన్నది 21 శాతం. సగానికి కాస్త ఎక్కువ మందికే అసలు బీపీ ఉందని తెలుసు. మీ రివ్యూలో అడిగేది మాత్రం 41 గురించే, ముందు అది చూసుకోండి.

పల్లెదవాఖాన_పద్మ
పరేషాన్‌గారూ, 220 మందిని చూసి బెంబేలు పడొద్దు. ఇలా చేయండి.

1. అపాయింట్‌మెంట్ తేదీ దాటినవాళ్ల లిస్టు వారానికోసారి తీయండి, నెలకోసారి కాదు. తేదీ దాటి వారమే అయినవాళ్లకు ముందు ఫోన్ చేయాలి. ఆరు నెలలైనవాడి కంటే వాళ్లే తొందరగా వస్తారు. అందరూ పాత పేర్లతో మొదలుపెట్టి పదో కాల్‌కి విసిగి వదిలేస్తారు.

2. ప్రతి కాల్‌కీ జవాబు మూడు రకాలే రాయండి: వస్తానన్నారు, తర్వాత చేయమన్నారు, లిస్టులోంచి తీసేయాలి. మూడోదానికి కారణం తప్పనిసరి: చనిపోయారు, ఊరు మారారు, ప్రైవేటులో వాడుతున్నారు. సూదిమందుగారి డౌటు తీరేది ఇక్కడే. ప్రైవేటు అని తేలినవాళ్లను అలా గుర్తు పెడితే వాళ్లు మీ మెడకు చుట్టుకోరు.

3. ఫోన్ నంబర్ రాసుకునేటప్పుడే అక్కడికక్కడ మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. పెద్దవాళ్లిచ్చేది చాలాసార్లు హైదరాబాద్‌లో ఉండే కొడుకు నంబర్. ఆయనకు ఫోన్ చేస్తే "చెప్తానండీ" అంటాడు, చెప్పడు. ఇంటి పక్కవాళ్లదో ఆశాదో రెండో నంబర్ ఉండాలి.

4. మందు 30 రోజులకు ఇచ్చి అపాయింట్‌మెంట్ కూడా 30వ రోజుకే రాస్తున్నారా? ఆ రోజు ఆదివారమో పండగో అయితే మందు అయిపోతుంది, రెండు రోజుల గ్యాప్ మెల్లగా రెండు నెలలవుతుంది. తేదీ 28వ రోజుకి పెట్టండి. నాట్లు, కోతల నెలల్లో ఇంకా ముందే మాట్లాడుకోవాలి. కూలి పోగొట్టుకుని అమ్లోడిపిన్ కోసం ఎవరూ రారు.

5. కంట్రోల్‌లో ఉన్నవాళ్లను మీ దాకా తిప్పుకోకండి. రీఫిల్ సబ్ సెంటర్‌లోనే ఇప్పించండి. మీ ఓపీలో కూర్చోవాల్సింది ఆ 80 మంది.

సూదిమందు
5వ పాయింట్‌కి వంద దండాలు. ఆ 80 గురించి కూడా ఒక మాట. వాళ్లకు బీపీ తగ్గకపోవడానికి పెద్ద కారణం "ఇంకో నెల చూద్దాం" అనే మనమే. 152/94 ఉంటుంది, చీటీ మీద "ఉప్పు తగ్గించండి, అదే మందు" అని రాస్తాం. నాలుగు నెలల తర్వాత కూడా అదే చీటీ. ప్రోటోకాల్ గోడ మీద అతికించేది ఇందుకే: మందు సరిగ్గా వేసుకుంటున్నాడు, అయినా 140/90 దాటింది అంటే అదే రోజు తర్వాతి మెట్టు. మొదటి మెట్టు అమ్లోడిపిన్ 5 మి.గ్రా. తర్వాత కొన్ని రాష్ట్రాల్లో దాన్నే 10 చేస్తారు, కొన్నిట్లో టెల్మిసార్టాన్ 40 కలుపుతారు, ఆ పైన క్లోర్‌థాలిడోన్. మీ రాష్ట్రం గోడ మీద ఏదుంటే అది. కంట్రోల్ అయ్యేదాకా నెలనెలా చూడాలి, అయ్యాక మూడు నుంచి ఆరు నెలలకోసారి చూసినా చాలని 2021 డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్‌లోనే ఉంది.

జాగ్రత్తలు: గర్భం వచ్చే వయసు ఆడవాళ్లకు టెల్మిసార్టాన్ వద్దు. అమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తే కిడ్నీ పాడైందని భయపడి అన్నీ మానేస్తారు, ముందే చెప్పి ఉంచాలి. పెద్ద వయసువాళ్లకు క్లోర్‌థాలిడోన్ ఇస్తే సోడియం పడిపోయి మత్తుగా, తికమకగా అవ్వొచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని ముసలితనం ఖాతాలో వేసేస్తారు.

ఓరుగల్లు_ఫార్మా
అందరు డాక్టర్ల ముచ్చటే చెప్తున్నరు. గోలీలు లేకపోతే ప్రోటోకాల్ గోడకే ఉంటది. మందులు పంపమని ఇండెంట్ ఎట్ల పెడుతున్నరో చెప్పండి పరేషాన్ అన్నా. పోయినసారి ఎంత ఖర్చయిందో అంతే పెడుతున్నరా? అక్కడే దెబ్బ. పోయినసారి నెల రోజులు స్టాక్ లేకపోతే ఖర్చు తక్కువ చూపిస్తది, ఈసారి ఇండెంట్ తక్కువైతది, మళ్ల స్టాక్ అయిపోతది. అది ఆగదు.

పేషెంట్ల లెక్క మీద పెట్టాలె. మీ 600, వచ్చే క్వార్టర్‌ల ఇంకో 90 వస్తరు, 690. అమ్లోడిపిన్ రోజుకు ఒకటి, 90 రోజులు: 62,100. నూటికి 40 మందికి టెల్మిసార్టాన్ అనుకుంటే 276 మంది, 24,840. నూటికి పది మందికి క్లోర్‌థాలిడోన్ అయితే 6,210. ఇంకో మూడు నెలల బఫర్ కోసం ఇవన్ని డబల్. 40, 10 అనేది ఉత్తగ పెట్టిన, మీ రిజిస్టర్‌ల ఎవరు ఏ మెట్టు మీద ఉన్నరో లెక్కపెట్టి ఆ నంబర్ వేసుకోండి. మీ దగ్గర రెండో మెట్టు అమ్లోడిపిన్ 10 అయితే అంతమందికి 5 గోలీలు రోజుకు రెండు పోతయి, మరవకండి.

సూదిమందు
వచ్చేది 290 మంది అయితే 690కి సరుకు తెప్పించి ఎక్స్‌పైరీ అయినవి ఎవరి జీతంలోంచి కట్టాలి?

ఓరుగల్లు_ఫార్మా
ఏడాదిన్నర గడువు మిగిలిన బ్యాచ్ తీసుకుంటే ఆరు నెలల సరుకు ఎందుకు ఎక్స్‌పైర్ అయితది? గడువు దగ్గరున్నది ముందు ఇవ్వాలె, మిగిలేటట్టుంటే మూడు నెలల ముందే పక్క పీహెచ్‌సీకి రాయాలె. 290కే తెప్పించి కూసుంటే, పద్మక్క ఫోన్ చేసి పిలిపించిన 220 మంది వచ్చిన్నాడు ఏమిస్తరు? ఒక్కసారి "గోలీలు లేవు, వచ్చే వారం రా" అన్నరంటే ఆ మనిషి మళ్ల రాడు. ఇండెంట్‌కు కూడా మాస్టారు హారమే పెట్టాలె.

ఇంకో ముచ్చట. టెల్మిసార్టాన్‌ను స్ట్రిప్ నుంచి తీసి లెక్కపెట్టి కాగితం పొట్లంల కట్టియ్యకండి. అది గాలిల తేమ గుంజుకుంటది, మెత్తబడి పొడి అయితది. స్ట్రిప్‌ను కత్తెరతోని కట్ చేసి ఇయ్యాలె, వేసుకునేటప్పుడే చింపాలె. పొద్దున, రాత్రి అని గడులున్న డబ్బాల పోసుకునేటోళ్లకు కూడా ఇదే చెప్పాలె.

పల్లెదవాఖాన_పద్మ
ఇది చాలామందికి తెలియదు. ఈ పోస్టు పిన్ చేయండి ఎవరైనా.

ఉప్పుచేప
ఇంత సేపూ పేషెంట్ల చుట్టూ తిరుగుతున్నారు. బీపీ, గుండెజబ్బు లాంటి అంటని జబ్బుల్లో (ఎన్‌సీడీ) నిజంగా ప్రాణాలు నిలబెట్టేది ఓపీ గది కాదు, పాలసీ. డబ్ల్యూహెచ్‌ఓ ప్యాకేజీల్లోనే ఎంపవర్ కింద పొగాకు పన్నులు, రిప్లేస్ కింద ట్రాన్స్‌ఫ్యాట్ తగ్గించడం. మన దగ్గర నూనెలు, వనస్పతిలో ట్రాన్స్‌ఫ్యాట్ పరిమితి 2021లో 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరి రిజిస్టరూ తీయలేదు, అయినా దేశం మొత్తానికి వర్తించింది. ఫిన్లాండ్‌లో 1972లో పెక్కా పుస్కా ఉత్తర కరేలియాలో మొదలుపెట్టిన ప్రాజెక్టు కూడా అంతే. వెన్న, కొవ్వు పాలు, ఉప్పు, పొగ మీద పడ్డారు. నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. ఉప్పు తగ్గితే మీ 80 మందిలో సగానికి రెండో మాత్ర అక్కర్లేదు.

అట్లాంటా_అబ్బాయి
ఆ చివరి వాక్యం ఒప్పుకోను. ఉప్పు తగ్గిస్తే బీపీ కొంత తగ్గుతుంది, 160 ఉన్నవాడికి అది చాలదు. పైగా బ్రిటన్ పద్ధతి మనకు అతకదు. వాళ్లు తినే ఉప్పులో ఎక్కువ భాగం బ్రెడ్‌లో, ప్యాకెట్ తిండిలో ఉంటుంది. కంపెనీలకు వరసగా టార్గెట్లు పెట్టి 2000ల మొదట్లో రోజుకు 9.5 గ్రాములున్నదాన్ని 2011 కల్లా 8.1కి తెచ్చారు. మన ఉప్పు వేసేది ఇంట్లో గరిటె పట్టినవాళ్లు. ఏ కంపెనీకి టార్గెట్ పెడతారు?

ఉప్పుచేప
ఇంటికే పెట్టండి. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఆశా అడగాల్సింది "ఉప్పు ఎక్కువ తింటారా?" అని కాదు, దానికి అందరూ "లేదమ్మా" అనే అంటారు. "కిలో ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుంది?" అని అడగాలి. పాతిక రోజులే అంటే లెక్క తేలిపోయినట్టే. ఆవకాయ జాడీలోకి పోయింది, అప్పడాలు, ఎండుచేపలు ఇవన్నీ ఆ పైన.

గోలీసోడా
హ్యాండిల్ చూస్తే ఉప్పుచేప, చెప్పేది ఉప్పు మానమని.

ఉప్పుచేప
తెలిసినవాడే చెప్పాలి 😀 అందుకే ఉప్పు మానక్కర్లేని దారి కూడా చెప్తా. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద అయిదేళ్లు చూశారు, 2021లో ఫలితాలొచ్చాయి. స్ట్రోక్ వచ్చినవాళ్లు, 60 దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం ఊళ్లకు మామూలు ఉప్పు బదులు 75 పాళ్లు సోడియం క్లోరైడ్, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ కలిపింది ఇచ్చారు. స్ట్రోకులు 14 శాతం తగ్గాయి. రుచిలో పెద్ద తేడా తెలియదు. ఇంటింటికీ అదే ఇస్తే సరి.

కవిటి_కొబ్బరి
ఇంటింటికీ అన్నమాట వెనక్కి తీసుకోండి. మా శ్రీకాకుళం ఉద్దానంలో ఇంటింటికీ కిడ్నీ పేషెంట్లున్నారు, చాలామందికి ముదిరేదాకా తెలియదు. కిడ్నీ పాడైతే పొటాషియం బయటికి పోదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి మనిషి అక్కడికక్కడే పోతాడు. మా దగ్గర కొబ్బరి తోటల మధ్య బతికేవాళ్లకే డాక్టర్లు కొబ్బరినీళ్లు తాగొద్దంటారు, ఇందుకే. 2025 జనవరిలో డబ్ల్యూహెచ్‌ఓ ఈ ఉప్పు మీద ఇచ్చిన సలహా కూడా షరతులతోనే: కిడ్నీ జబ్బున్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు అది వర్తించదు.

సూదిమందు
దానికి తోడు టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచుతుంది. ఇద్దరూ వేర్వేరు చోట్ల నుంచి ఒకే మనిషి మీద పడతారు: పీహెచ్‌సీ మాత్ర ఇస్తుంది, కిరాణా కొట్టు ఉప్పిస్తుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఆ ఉప్పు జోలికి పోవద్దు.

ఉప్పుచేప
సరే, ఇంటింటికీ అన్నది వెనక్కి. క్రియాటినిన్ చూసిన ఇంటికి.

పీహెచ్‌సీ_పరేషాన్
దారి మళ్లించకండి బాబూ. నాకు రివ్యూ సోమవారం. ఆ 210 మాత్రం గట్టిదే కదా? అదైనా నిలబడుతుందా?

కఫ్_సైజెంత
అది బీపీ ఎలా చూశారన్న దాన్ని బట్టి. బస్సు దిగి వచ్చి, వెన్ను ఆనించడానికి లేని స్టూలు మీద కూర్చుని, చెయ్యి కిందికి వేలాడేసి, నర్సమ్మతో మనవరాలి పెళ్లి కబుర్లు చెబుతూ చూపించుకుంటే పైకి వచ్చే అంకె ఆ మనిషిది కాదు. హార్ట్స్ పోస్టర్ మీదే ఉంది: మాట్లాడుతుంటే 10 పెరుగుతుంది, చేతికి ఆసరా లేకపోతే 10, మూత్రం ఆపుకుని కూర్చుంటే 10, కాలు మీద కాలుంటే 2 నుంచి 8, చేతికి చుట్టే కఫ్ చిన్నదైతే 2 నుంచి 10. రెండు తప్పులు కలిస్తే బీపీ లేనివాడికి మందు మొదలవుతుంది.

అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. ఓపీ గది బయట నాలుగు వీపున్న కుర్చీలు వేసి, లోపల ఒకరిని చూస్తుండగా బయట ముగ్గురు ఊరికే కూర్చుంటే ఆ అయిదు నిమిషాలు దానంతటదే వస్తుంది. చాలా మిషన్లతో వచ్చే మామూలు కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. టైలర్ టేపు ఒకటి మేకుకు వేలాడదీయండి, 32 దాటితే పెద్ద కఫ్. చొక్కా చెయ్యి పైకి మడిచి బిగుసుకుపోయేలా కాదు, తీసేసి కట్టాలి.

మీ 210 ఎంత గట్టిదో తెలియాలంటే ఒక చిన్న పరీక్షుంది. 290 రీడింగుల్లో పై అంకె చివర 0 ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. డిజిటల్ మిషనైతే 0 నుంచి 9 దాకా అన్నీ సమానంగా రావాలి, అంటే దాదాపు 29. పాదరసం మిషనైతే సరి అంకెలే చదువుతాం కాబట్టి 58 దాకా రావొచ్చు. దానికి మించి ఉంటే ఎవరో కొలవట్లేదు, రాస్తున్నారు. 138/88 అనేది కూడా ఎన్నిసార్లుందో చూడండి. 140కి ఒక మెట్టు కింద జనం మరీ గుంపుగా నిలబడితే అనుమానించాల్సిందే.

లెక్కల_మాస్టారు
ఈ థ్రెడ్‌లో నేను నేర్చుకున్న కొత్త సంగతి ఇదొక్కటే. రివ్యూకి వెళ్లేముందు తప్పక చేయండి.

పీహెచ్‌సీ_పరేషాన్
రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. చివర 0 ఉన్నవి 171. 130/80 ఒక్కటే 64 సార్లుంది. 138/88 మాత్రం మూడేసార్లు, అదో ఊరట.

ఓరుగల్లు_ఫార్మా
138 రాయనీకి కూడ ఓపిక లేనట్టుంది అన్నా.

కఫ్_సైజెంత
మీ దగ్గరున్నది డిజిటలా, పాదరసమా?

పీహెచ్‌సీ_పరేషాన్
డిజిటలే. స్టాక్ రిజిస్టర్‌లో రెండు మిషన్లున్నాయి.

కఫ్_సైజెంత
స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి సరే. ఓపీ టేబుల్ మీద ఉన్నాయా?

పీహెచ్‌సీ_పరేషాన్
...బీరువా తాళం ఫార్మసిస్ట్ దగ్గరుంది. రేపు పొద్దున చూసి చెప్తా.

పల్లెదవాఖాన_పద్మ
వెళ్లేటప్పుడు నాలుగు పెన్సిల్ సెల్స్ కూడా కొనుక్కెళ్లండి.